కోడి గుమ్మం దాటలేదు

ఫుడ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరబోయేవాళ్ళకి ముందుగానే ఒక సంగతి చెప్పాలి. ఇక మిమ్మల్ని మనస్ఫూర్తిగా ఎవరూ భోజనానికి పిలవరు. పిలిచినా, మీరు విస్తరి ముందు కూర్చోగానే ఇంటిల్లిపాదీ పక్కన నిలబడి మీ మొహంలోకి చూస్తారు. పులుసులో ఉప్పు తక్కువైందని మామూలుగా అన్నా అది వాళ్ళకి నోటీసులాగే వినిపిస్తుంది. పెళ్ళిళ్ళలో వంటమేస్త్రీ మిమ్మల్ని చూసి దొడ్డిదారిన తప్పుకుంటాడు. మా ఆయనైతే నాతో హోటలుకి రావడమే మానేశారు. "నువ్వు తినడానికొచ్చేవో తనిఖీకొచ్చేవో సర్వరుకి తెలీదు, నాకూ తెలీదు" అనేవారు.

ప్రభుత్వం మా హోదాకి తర్వాత పొడుగాటి పేరేదో పెట్టింది. కోనసీమలో దాన్నెవరూ వాడలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కలే నా సర్వీసంతా గడిచింది. అన్నిచోట్లా నేను ఫుడ్ ఇన్‌స్పెక్టరమ్మనే. ప్రమోషన్ల గొడవ, ఫైళ్ళ గొడవ ఇక్కడ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే, చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. నేను రాయదలచింది కోళ్ళ గురించి, కోళ్ళు అమ్మేవాళ్ళ గురించి, ఒక పంతులుగారి గురించి. కోళ్ళకీ పంతులుగారికీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. ఊరంతా అదే అడిగింది, వెకిలిగా నవ్వుతూ.

వాసన సంగతి

మాది గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఊరు. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. అందుకని కోళ్ళ బజారు వాసన నన్నేమీ చెయ్యలేకపోయింది. నాకు ముందు పనిచేసినాయనకి ఆ అదృష్టం లేదు, ఆ సంగతి షాపులవాళ్ళకి బాగా తెలుసు. ఆయన జీపు మలుపులో కనపడగానే పేగుల బుట్ట తెచ్చి గుమ్మంలో పెట్టేవారట. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గోడకున్న లైసెన్సు ఫ్రేము చూసి, "బాగానే ఉంది" అని బండెక్కేసేవాడట. నా మీదా ఆ ప్రయోగం చేశారు. నేను బుట్ట పక్కనే స్టూలు వేయించుకుని కూర్చుని టీ తాగాను. అక్కడ టీ తాగడం బుద్ధి తక్కువ పనే, మీరు తాగకండి. కానీ ఆ రోజు తర్వాత బుట్టలు మళ్ళీ గుమ్మంలోకి రాలేదు.

ఆదివారం పొద్దున్న కోళ్ళ బజారుకెళ్ళి ఒక పక్కగా నిలబడి చూడండి. రేకుల షెడ్ల ముందు ఇనప బోనులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై బోనులో కోడి కింది బోనులో కోడి నెత్తిన రెట్ట వేస్తుంటుంది. లోపల ఒక డ్రమ్ములో మరిగీ మరగని నీళ్ళు, కోసిన కోళ్ళన్నిటినీ అందులోనే ముంచుతారు. పక్కన ఈకలు పీకే మిషను, దాని పక్కన మొద్దు, కత్తి, ఒక బకెట్టు నీళ్ళు. పొద్దున్న తేటగా ఉన్న ఆ బకెట్టు నీళ్ళు పదిగంటలకల్లా ఏ రంగుకి తిరుగుతాయో నేను వర్ణించను, మీరు అన్నం తిని ఉంటారు.

కొనేవాళ్ళు మాత్రం కోడిని రెక్కలు పట్టి ఎత్తించి, రొమ్ము నొక్కించి, కళ్ళు చూసి, "ఇది హుషారుగా ఉంది, కొట్టు" అంటారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడరు. అంత పరీక్షా దండగే. మనిషిని మంచాన పడేసే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు కోడి పేగుల్లో ఉన్నా, చాలాసార్లు కోడికేమీ కాదు. హుషారుగా కూస్తూనే ఉంటుంది. పేగు చిట్లినప్పుడో, రెట్ట అంటిన ఈకలు డ్రమ్ములో మునిగినప్పుడో, ఆ పని చేసిన చెయ్యి బకెట్లో ముంచినప్పుడో అవి ఊరి మీదికి బయల్దేరతాయి. మీరు చూడాల్సింది కోడి కళ్ళు కాదు, బకెట్టు నీళ్ళు.

ఇంకో మాట. మా వైపు కోడికూరని ఉడికించే తీరుకి ఏ సూక్ష్మజీవీ మిగలదు. "బాగా ఉడికించేమండీ" అని ఇంటావిడ చెబితే అది నిజమే. ఆ నిజం చెప్పిన ఇంట్లోనే మనుషులు విరోచనాలతో పడి ఉంటారు. కూర గిన్నె చుట్టూ తిరిగితే కారణం దొరకదు. నాకు ఈ సంగతి పుస్తకంలో చదివి తెలుసు గాని, ఒంటికి పట్టడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఇద్దరు అధికారులు

నాకు మొదట దొరికిన అధికారి చాలా తక్కువ మాట్లాడేవారు. ఒకసారి నేనొక హోటలు వాణ్ణి గంటసేపు ప్రశ్నలడిగి, వాడు చెప్పిన జవాబులన్నీ ఆయనకి ఒప్పజెప్పాను. ఆయన అంతా విని, "వాడి నోరు పరిశుభ్రంగా ఉందమ్మా, చేతులు చూసేవా?" అన్నారు. చూడలేదు. మర్నాడు వెళ్ళి ఏమీ అడక్కుండా ఊరికే నిలబడ్డాను. వాడు ముక్కు తుడుచుకోవడం, అదే చేత్తో ఇడ్లీ తీయడం, రెండూ కనపడ్డాయి. ఆయన నాకు నేర్పింది ఆ ఒక్కటే, దాంతోనే సర్వీసంతా నెట్టుకొచ్చాను.

చివర్లో దొరికినాయన వేరే రకం. ఆయనకి షాపు మూసేసి సీలు వేస్తున్న ఫొటో కావాలి. ఎక్కడ ఎవరికి వాంతులైనా, "ఏదో ఒకటి సీలు వేసి ఫొటో పెట్టండి" అని ఫోను చేసేవారు. ఫొటోలో లక్క బాగా కనపడాలి. జబ్బు దేనివల్ల వచ్చిందన్నది ఫొటోలో ఎలాగూ కనపడదు కాబట్టి ఆయనకి దానితో పని లేదు. నేను చెప్పబోయే గొడవ ఈయన హయాంలోదే.

పంతులుగారి మంచం

మాఘమాసంలో ఒక ఆదివారం రాజోలు దగ్గర ఒక ఊళ్ళో గృహప్రవేశం జరిగింది. పొద్దున్న వ్రతం, మధ్యాహ్నం శాకాహార భోజనం, రాత్రి చుట్టాలకి కోడికూర. ఎవరి ఆచారానికీ లోటు లేకుండా మా వాళ్ళు చేసుకునే ఏర్పాటే ఇది. మర్నాడు సాయంత్రానికి చుట్టాల్లో సగం మంది ఆసుపత్రిలో ఉన్నారు. వాంతులు, విరోచనాలు, జ్వరం. నేను వెళ్ళేసరికి వార్డు నిండిపోయింది, అందరూ పెద్దవాళ్ళే, సెలైన్ సీసాలు కిటికీ చువ్వలకి వేలాడుతున్నాయి.

కిటికీ పక్క మంచం మీద ఒకాయన మొహం మీదికి దుప్పటి లాక్కుని పడుకుని ఉన్నారు. పక్క మంచాలవాళ్ళు నీరసంలో కూడా ఆయన్ని చూసి కిసుక్కుమంటున్నారు. ఆయన విశ్వనాథం పంతులుగారు, పొద్దున్న ఆ ఇంట్లో వ్రతం చేయించినాయన, ఊళ్ళో శివాలయం అర్చకులు. అవే వాంతులు, అదే జ్వరం.

ఇక ఊరికి వేరే వినోదం అక్కర్లేదు. కోడికూర తిన్నవాళ్ళు పడ్డారు, పంతులుగారూ పడ్డారు, కాబట్టి పంతులుగారు కోడికూర తిన్నారు. ఊరి వాట్సాప్ గ్రూపులో కోడిపుంజుకి పిలకా, విభూతి రేఖలూ పెట్టిన బొమ్మ తిరిగింది. మా డ్రైవరు నాకు కూడా చూపించాడు. బొమ్మ బాగానే గీశారు, నేనూ నవ్వాను.

నవ్విన మొహంతోనే ఆయన మంచం దగ్గరికెళ్ళి అడిగాను. "పంతులుగారూ, నేను ఎవరికీ చెప్పనండి. కాస్త రుచి చూసేరా?"

ఆయన దుప్పటి తీశారు. "అమ్మా, రాత్రి నేను ఆ ఇంటి ఛాయలకే వెళ్ళలేదండీ. మధ్యాహ్నం వాళ్ళిచ్చిన స్వయంపాకం పట్టుకుని ఇంటికొచ్చేసేను. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ."

స్వయంపాకమంటే పంతులుగారు ఇంటికి పట్టుకెళ్ళి వండించుకోవడానికి ఇచ్చే బియ్యం, పప్పు, కూరగాయలు. ఆయన చెప్పిన తీరులో అబద్ధం ఉన్నట్టు లేదు. కానీ అబద్ధాన్ని అంతకంటే అందంగా చెప్పినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

మంచం అవతలివైపు ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడకి ఏమీ కాలేదు. నా ప్రశ్న విన్నారు, ఆయన జవాబూ విన్నారు. మా ఇద్దరివైపూ చూడకుండా గ్లాసులో పాలు పోసి బల్ల మీద పెట్టి, బయటికెళ్ళిపోయారు. పంతులుగారు ఆవిడ వెళ్ళినవైపే చూస్తూ, "ఊరు నవ్వితే నవ్వనీండి. ఆవిడ కూడా నమ్మట్లేదండీ" అన్నారు. ఆ మాటకి నా నవ్వు పోయింది.

అధికారిగారికి ఫోను చేశాను. కూర బాగా ఉడికిందని వంటమేస్త్రీ చెబుతున్నాడనీ, మాంసం ముట్టని మనిషికి కూడా జబ్బు చేసిందనీ చెప్పాను.

"ముట్టని మనిషేంటండీ? తినేసి ఉంటాడు. కోళ్ళ షాపుకి సీలు వేసి ఫొటో పెట్టండి" అన్నారాయన.

రెండు రోజులు టైమివ్వమని బతిమాలాను. ఆయన విసుక్కుంటూ సరేనన్నారు. ఆ రెండు రోజులు తర్వాత ఎంత సాగాయో ఇక్కడ రాయను.

సూరిబాబు కొసరు

పంతులుగారు ఇంటికొచ్చాక వెళ్ళి, ఆ రోజు ఏం తిన్నారని మళ్ళీ అడిగాను. కందిపప్పు, కొత్తిమీర పచ్చడి, మజ్జిగ. అంతే. అన్నపూర్ణమ్మగారిని అడిగితే వంటింట్లోంచే, "ఆయన ఏం తిన్నారో ఆయన్నే అడగండి. నాకు మాఘ ఆదివారం ఉపవాసం, పాలే తాగేను" అన్నారు. గుడి కమిటీ వాళ్ళు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారట. పెళ్ళి ముహూర్తం పెట్టించుకున్న ఒక కుటుంబం వేరే పంతుల్ని చూసుకుంది. అవన్నీ ఆయన మామూలుగానే చెప్పారు. "ఈవిడ నా కంచం వేరే పెడుతోందండీ" అన్నప్పుడు మాత్రం తల దించుకున్నారు.

తర్వాతి ఆదివారం కోళ్ళ బజారుకెళ్ళాను. గృహప్రవేశానికి కోళ్ళిచ్చింది సూరిబాబు. ఊళ్ళో అంత మంచి పేరున్న షాపు వేరే లేదు. తూకంలో మోసం చెయ్యడు, పెద్దవాళ్ళొస్తే కుర్చీ వేస్తాడు. నన్ను చూడగానే కత్తి కింద పెట్టేశాడు.

"ఆయ్, మేడంగారూ, నా కోళ్ళన్నీ ఆరోగ్యంగా ఉన్నాయండీ. ఒక్కటి కూడా కునకట్లేదు, చూడండి."

"నువ్వు వ్యాపారం చేసుకో సూరిబాబూ. నేనిక్కడ నిలబడతాను."

నిలబడ్డాను, అతని చేతులు చూస్తూ. కోడిని కోశాడు, పేగులు లాగాడు, బకెట్లో చేతులు ముంచాడు, ముక్కలు కొట్టాడు, సంచీలో వేశాడు. అంతవరకూ అందరూ చేసేదే. తర్వాత మొద్దు కిందనున్న తొట్టిలోంచి గుప్పెడు కొత్తిమీర తీసి సంచీ మీద పెట్టి, "కొసరండీ, ఉంచండి" అన్నాడు. కొన్నాయన మొహం వికసించింది. మా వైపు కోడి కొన్నవాళ్ళకి ఒక కొత్తిమీర కట్ట ఊరికే ఇవ్వడం మర్యాద. ఇవ్వనివాడి షాపుకి రెండోసారి ఎవరూ వెళ్ళరు. సూరిబాబు ఆ మర్యాదలో అందరికంటే ఒక మెట్టు పైన. ఎండకి ఆకు వాడిపోకుండా మధ్యమధ్యలో నీళ్ళు చిలకరిస్తున్నాడు. ఏ నీళ్ళు? చేతులు ముంచిన ఆ బకెట్టు నీళ్ళే.

ముక్కలు పొయ్యి మీద గంటసేపు కుతకుతలాడతాయి. కొత్తిమీర ఎక్కడ ఉడుకుతుంది? దింపే ముందు పైన చల్లుతారు, పెరుగు పచ్చడిలో పచ్చిగానే కలుపుతారు. గృహప్రవేశంలో పిల్లలెవరికీ ఏమీ కాలేదని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లలు ఆకులు ఏరుకుంటూ కూర్చుంటారని వాళ్ళకి కూర ముందే విడిగా తీసేశారట. ఇక పంతులుగారు తిన్నది కొత్తిమీర పచ్చడి.

తిన్నగా ఆ గృహప్రవేశం ఇంటికెళ్ళాను. ఇంటి పెద్దావిడ నన్ను చూడగానే తులసికోట మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంది. "మేడంగారూ, కోడి మా గుమ్మం దాటలేదండీ. వ్రతం అవుతుండగా తెచ్చేరని దొడ్లోనే పెట్టించేను. గిన్నెలు కూడా వేరేనండీ."

"మరి కొత్తిమీర?"

"అది ఆకు కదండీ, దానికేం మైల? వంటింట్లో పెట్టించేను."

"పంతులుగారి స్వయంపాకంలో వేశారా?"

"లేత కట్ట చూసి నేనే పైన పెట్టేనండీ. ఏం, తక్కువైందన్నారా?"

కోడి గుమ్మం దాటలేదు. కోడి పేగుల్లో ఉండేవి మాత్రం ఆకు మీద కూర్చుని వంటింట్లోకొచ్చి, అక్కణ్ణుంచి పంతులుగారి సంచీలోకెక్కాయి. మడి, మైల, గిన్నెల తేడా అన్నీ ఇంత జాగ్రత్తగా పాటించి ఊరంతా మంచాన పడటం మా వాళ్ళకే సాధ్యం.

తొట్టిలో కొత్తిమీర, బకెట్టు నీళ్ళు నమూనాలు తీసి పంపాను. వాటిలోనూ, ఆసుపత్రి వాళ్ళు రోగుల దగ్గర తీసిన నమూనాల్లోనూ ఒకే రకం సాల్మొనెల్లా దొరికింది. గృహప్రవేశం నాటి కట్ట దొరకలేదు కాబట్టి కోర్టులో లాయరు నన్ను ఉతికి ఆరేసేవాడే. నాకు మాత్రం అనుమానం లేదు.

అధికారిగారికి లక్క ఫొటో దక్కలేదు. సూరిబాబుకి నోటీసిచ్చి, నీళ్ళ కుళాయి పెట్టించి, తొట్టి తీయించాను. "కొసరు ఇవ్వకపోతే నా దగ్గరికెవరొస్తారండీ? నేను ప్రేమగా ఇచ్చేదే కదండీ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రేమలో లోపమేమీ లేదు, బకెట్లోనే ఉంది. ఇప్పుడతను ఎదురుగా ఉన్న కూరగాయల కొట్టు వైపు చెయ్యి చూపిస్తాడు, కొత్తిమీర అక్కడ ఆవిడ ఇస్తుంది. మీరు ఈ ఉద్యోగంలోకొస్తే మొదట నేర్చుకోవాల్సింది ఇదే. షాపు మూయించడం సులువు. మూసిన షాపువాడు రేపు ఇంకో సందులో ఇంకో బకెట్టుతో తెరుస్తాడు. పని మారేదాకా పక్కన నిలబడటం కష్టం, దానికి ఎవరూ ఫొటో తీయరు.

రిపోర్టు వచ్చాక

రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, ఊళ్ళో ఎవరూ చదవరు. అందుకని గుడి కమిటీ వాళ్ళని కూర్చోబెట్టి నేనే చెప్పాను. పంతులుగారు మాంసం ముట్టలేదనీ, జబ్బు పచ్చడిలోని కొత్తిమీర వల్ల వచ్చిందనీ అర్థమయ్యేలా చెప్పాను. అందరూ తలలూపారు. ఒక తెలివైనాయన మాత్రం గడ్డం గోక్కుంటూ, "అయితే కోడి కడిగిన నీళ్ళు లోపలికెళ్ళినట్టే కదండీ?" అన్నాడు. నాకు తలకొట్టుకోవాలనిపించింది. పంతులుగారు ప్రశాంతంగా, "ఆయ్, ప్రాయశ్చిత్తం చేసుకుంటానండీ" అన్నారు. పంచగవ్యం పుచ్చుకున్నారు కూడా. దాని శాంపిల్ కూడా తీయాలన్న బుద్ధి పుట్టింది గాని ఊరుకున్నాను. మర్నాటినుంచి ఆయన మళ్ళీ గుళ్ళోకెళ్ళారు. వాట్సాప్‌లో బొమ్మ గీసినవాడే దణ్ణం పెట్టే బొమ్మ పంపించాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. జీపెక్కబోతుంటే పంతులుగారు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మేడంగారూ, ఇంత చేశారు. ఒక్కసారి మా ఇంట్లో కూడా చెప్పి వెళ్ళండి" అన్నారు.

వెళ్ళాను. అన్నపూర్ణమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి, తల పక్కకి తిప్పుకుని విన్నారు. బకెట్టు, కొత్తిమీర, గృహప్రవేశం ఇంటావిడ లేత కట్ట ఏరి పెట్టడం, అన్నీ వరసగా చెప్పాను. చెబుతుంటే ఆవిడ మొహంలో బిగువు సడలింది. ఆయన తినలేదన్న సంగతి లోపలికి దిగుతున్నట్టు తెలుస్తోంది. పంతులుగారు నిలబడలేక కూర్చోలేక కండువా అంచు నలుపుతున్నారు. నాకు భలే సంతోషంగా ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఇల్లు నిలబెట్టాను కదా అనుకున్నాను.

ఆవిడ నెమ్మదిగా అడిగారు. "పచ్చి కొత్తిమీర వల్లనాండీ?"

"అవునండీ. ఉడికి ఉంటే ఏమీ అయ్యేది కాదు."

"ఆయన పోపులో మగ్గించమనే అన్నారండీ. పచ్చిది రోట్లో నూరితే రుచని నేనే నూరేను." ఆవిడ గుమ్మం పట్టుకున్నారు. "అయితే ఆయనకి నేనే పెట్టేనా? పెట్టి, ఇన్నాళ్ళూ ఆయన కంచం..."

నా సంతోషం అక్కడికక్కడే చచ్చిపోయింది. రిపోర్టు చెప్పడమే తెలుసు గాని, చెప్పాక ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

పంతులుగారు గబగబా లేచారు. "నువ్వేం పెట్టలేదు. ఊరుకో. మేడంగారూ, లాబ్ వాళ్ళు పొరబడొచ్చు కదండీ? ఆ రోజు వచ్చేటప్పుడు దొడ్లో వంటపొయ్యిల పక్కనుంచే వచ్చేను. ఏమో, ఎవరో పెడితే ఓ ముక్క నోట్లో వేసుకున్నానేమో, నాకు గుర్తు లేదండీ." ఆవిడ వైపు తిరిగి, బతిమాలుతున్నట్టుగా అన్నారు. "వేసుకున్నాననే అనుకోవే. పోనీ."

"నోరు మూసుకోండి! మేడంగారు నిజమనుకుని రాసుకోగలరు" అని కసిరి, అన్నపూర్ణమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే గడప మీద కూలబడ్డారు. ఆయన పక్కనే నేల మీద కూర్చున్నారు.

నా సర్వీసంతా అబద్ధాలు చెప్పేవాళ్ళ మధ్యే గడిచింది. ప్రతి అబద్ధానికీ ఎదురు ప్రశ్న వేశాను. ఈ ఒక్కదానికి మాత్రం, "అయ్యుండొచ్చండీ" అని చెప్పి, చెప్పులేసుకుని వచ్చేశాను.